మెడ దగ్గర గీత, లంగాలో చిరుగు: గేమ్ బొమ్మ ఎముకలు, వెయిట్ల గురించి నేను నేర్చుకున్నది



"అమ్మా, లంగా ఓణీ వద్దులే. జీన్స్ వేసేస్తా. జీన్స్‌కైతే ఏ ప్రాబ్లమూ రాదు."

పోయిన డిసెంబరులో మా అమ్మాయి ఈ మాట అనేసరికి నేను పోపు పెడుతున్నాను. తనకి 13 ఏళ్లు. నార్త్ కరోలినాలో మేముండే ఊళ్లో వారాంతపు తెలుగు బడి ఉంది. అక్కడి సంక్రాంతి ప్రోగ్రామ్‌కి పిల్లలు తలా ఒకటి తయారుచేసి చూపించాలి. మా అమ్మాయి చిన్న గేమ్ చేస్తానంది. లంగా ఓణీ కట్టుకున్న అమ్మాయి వాకిట్లో ముగ్గు వేసి, గొబ్బెమ్మలు పెట్టాలి. అంతే గేమ్. ఆ అమ్మాయి ముఖం రాజమండ్రిలో ఉన్న మా అమ్మ చిన్నప్పటి ఫొటోలా ఉండాలని తన కోరిక.

శరీరం నెట్‌లో ఉచితంగా, వాడుకోవడానికి అనుమతితో దొరికింది. తల, జడ, బట్టలు తనే బ్లెండర్‌లో చేసుకుంది. కదలకుండా నిలబడి ఉన్నంతసేపూ బొమ్మ ముచ్చటగా ఉంది. కదలగానే అసలు కథ మొదలైంది. తల తిప్పితే మెడ చుట్టూ తెల్లటి గీత. నడిస్తే లంగా మధ్యలో నిలువునా చీలిక. చెయ్యి వంచితే గాజులు రబ్బరులా సాగిపోతున్నాయి. మూడు రోజులు కుస్తీ పట్టి, విసుగొచ్చి, జీన్స్ వేసేస్తానంది.

నాకు చివుక్కుమంది. బట్ట నచ్చక మానేస్తే అది వేరు. బట్టని సరిగ్గా కూర్చోబెట్టడం రాక మానేయడం ఏమిటి? పెళ్లయ్యి ఇక్కడికొచ్చి 11 ఏళ్లు ఇల్లు చూసుకుంటున్నాను కానీ, నేనూ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ చదివినదాన్నే. "ఒక్కసారి నన్ను చూడనీ తల్లీ" అన్నాను. "నీకు అర్థం కాదమ్మా" అంది. నిజమే, మొదటి రోజు అర్థం కాలేదు. నాలుగో రోజుకి అర్థమైంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

బొమ్మ లోపల ఏముంటుంది?

గేములో కనపడే మనిషి గట్టి బొమ్మ కాదు. లోపల అంతా డొల్ల. పైన తొడుగు మాత్రమే ఉంటుంది. ఆ తొడుగుని మెష్ అంటారు. వేల బిందువులు, వాటిని కలిపే గీతలు, గీతల మధ్య చిన్న చిన్న ముక్కలు. చేపల వలని మనిషి ఆకారంలో బిగించినట్టు ఊహించుకోండి.

ఈ వల తనంతట తాను కదలదు. దాని లోపల ఎముకల గూడు ఒకటి పెడతారు. నడుముకో ఎముక, వెన్నుకి మూడు నాలుగు, మెడకి ఒకటి, తలకి ఒకటి, ఇలా. ఎముక కదిలితే దానికి కట్టుబడిన బిందువులు కదులుతాయి. ఏ బిందువు ఏ ఎముక మాట ఎంత వినాలి అన్నదే వెయిట్. అది 0 నుంచి 1 వరకు ఉంటుంది.

ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది గుర్తుందా? పరీక్ష మార్కులకి 75, ఇంటర్‌కి 25, రెండూ కలిపి ర్యాంకు. ఇదీ అంతే. మోచేతి దగ్గర బిందువుకి పై చెయ్యి ఎముకది 0.5, కింది చెయ్యి ఎముకది 0.5 ఉంటే, రెండు ఎముకలూ ఎక్కడికి పొమ్మంటే ఆ రెండింటి సగటు చోటికి వెళ్తుంది. డిగ్రీలో చదివిన వెయిటెడ్ యావరేజ్, మక్కీకి మక్కీ.

మెడ దగ్గర గీత ఎందుకొస్తుంది?

మా బొమ్మలో తల ఒక మెష్, శరీరం ఇంకో మెష్. గేముల్లో ఇది మామూలే. తలలు, జుట్లు మార్చుకోవడానికి వీలుగా విడిగా ఉంచుతారు. తల కింది అంచు, శరీరం పై అంచు ఒకే చోట కలుస్తాయి. మా అమ్మాయి ఆ అంచుల్ని బాగానే కలిపింది. నిలబడి ఉన్నప్పుడు గీత లేదు. తల తిప్పినప్పుడే వస్తోంది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. బిందువులు ఒకే చోట ఉన్నాయి కానీ, ఒకే మాట వినడం లేదు.

లెక్కేసి చూద్దాం. తల తిప్పినప్పుడు ఒక బిందువుని తల ఎముక 10 మిల్లీమీటర్లు, మెడ ఎముక 4 మిల్లీమీటర్లు జరుపుతుందనుకోండి. వెన్నెముక కదలదు. తల వైపు బిందువుకి తలది 0.7, మెడది 0.3 ఉంటే అది జరిగేది 7 + 1.2 = 8.2 మి.మీ. శరీరం వైపు బిందువుకి మెడది 0.9, వెన్నుది 0.1 ఉంటే అది జరిగేది 3.6 మి.మీ. మాత్రమే. తేడా 4.6 మి.మీ. ఆ తేడాయే తెల్లటి గీత. రెండింటికీ తలది 0.4, మెడది 0.6 పెట్టండి. రెండూ 6.4 మి.మీ. జరుగుతాయి. గీత మాయం.

కాగితం మీద ఈ లెక్క చూపించేసరికి మా అమ్మాయి కుర్చీ దగ్గరకి జరుపుకుంది. అంతవరకూ తను చేస్తున్నదేమిటంటే, గీత కనపడకుండా మెడకి గొలుసులు వేయడం!

కాబట్టి అతుకు దగ్గర మూడు కలవాలి. ఒకటి, బిందువుల చోటు. రెండు, వాటి వెయిట్లు. మూడు, నార్మల్స్. నార్మల్ అంటే ఆ చోట తొడుగు ఎటువైపు చూస్తోందో చెప్పే దిక్కు. వెలుగు ఎలా పడాలో గేము దీన్నిబట్టే లెక్కేస్తుంది. చోటు, వెయిట్లు కలిసి నార్మల్స్ కలవకపోతే సందు ఉండదు కానీ, మెడ చుట్టూ దారం కట్టినట్టు నీడ గీత కనపడుతుంది.

మేము సరిచేసిన విధానం

ముందుగా రెండు అంచుల్లో బిందువుల సంఖ్య లెక్కపెట్టాం. ఒకవైపు 24, ఇంకోవైపు 32 ఉంటే ఎంత సర్దినా ఎక్కడో చోట సందు మిగులుతుంది. ముందు సంఖ్య సమానం చేసుకోవాలి. తర్వాత ప్రతి బిందువునీ ఎదుటి బిందువు మీదకి స్నాప్ చేయాలి.

తల విడిగా ఉండక్కర్లేదు అనుకుంటే పని ఇంకా తేలిక. రెండు మెష్‌లనీ ఒకటిగా కలిపి, ఎడిట్ మోడ్‌లో అతుకు బిందువుల్ని మాత్రం ఎంచుకుని, ఎం నొక్కి, మెర్జ్ బై డిస్టెన్స్ ఇస్తే దగ్గర దగ్గరగా ఉన్న జంటలు ఒక్కటైపోతాయి. మొత్తం బొమ్మని ఎంచుకుని దూరం పెంచేశారనుకోండి, పెదాలు రెండూ అతుక్కుపోతాయి. మాకు అయింది. కంట్రోల్ జెడ్ దేవుడిలా ఆదుకుంది.

మా అమ్మాయికి తల విడిగానే కావాలి. అందుకని తల అంచు బిందువులతో "మెడ అంచు" అని ఒక వెర్టెక్స్ గ్రూప్ చేసి, డేటా ట్రాన్స్‌ఫర్ మాడిఫయర్‌తో శరీరం వెయిట్లని ఆ గ్రూప్ వరకే కాపీ చేశాం. దగ్గరున్న బిందువు నుంచి తీసుకోమని చెప్పాలి. అదే మాడిఫయర్‌తో నార్మల్స్ కూడా తెచ్చుకోవచ్చు. తర్వాత ఎడిట్ మోడ్‌లో ఒక్కో బిందువు మీద నొక్కి, ఎన్ నొక్కితే వచ్చే పక్క పట్టీలో అంకెలు సరిచూసుకున్నాం. కంటితో చూసి బాగుందనుకోవడం వేరు, అంకె చూడడం వేరు.

అంచు వరస సరయ్యాక దాని పై వరసలో చిన్న మెట్టులా కనపడింది. అంచుకి ఒక వెయిట్, పై వరసకి ఇంకో వెయిట్ ఉండి మధ్యలో హఠాత్తుగా మారితే అలా అవుతుంది. పై రెండు మూడు వరసల్ని మాత్రం స్మూత్ చేశాం. అంచుని ముట్టుకోలేదు. ముట్టుకుంటే మళ్లీ గీతే.

ఇంతా అయ్యాక బొమ్మ నవ్వినప్పుడు మెడ దగ్గర మళ్లీ సందు! నవ్వు, ఏడుపు లాంటివి షేప్ కీలు అనే వేరే పద్ధతిలో ఉంటాయి. నవ్వు చేసేటప్పుడు మెడ అంచు బిందువులు కూడా కాస్త జరిగాయి. వాటిని ఆ షేప్ కీలో మూలరూపానికి తెచ్చేసరికి పోయింది.

వేడి గరిటె లెక్క

వేల బిందువులకి వెయిట్లు చేత్తో ఇవ్వలేం. బ్లెండర్‌లో ఆటోమేటిక్ వెయిట్స్ అని ఉంది. దాని వెనకాల ఉన్నది ఫిజిక్సే. 2007లో ఇల్యా బారన్, యోవాన్ పోపోవిచ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి అది. ప్రతి ఎముకా వేడిగా ఉందనుకుని, ఆ వేడి తొడుగు మీద ఎలా పాకుతుందో లెక్కేస్తారు. వేడి సాంబారులో పెట్టిన గరిటె కింద కాలుతుంది, పైకి వెళ్లేకొద్దీ గోరువెచ్చగా ఉంటుంది కదా, అలా. ఎక్కువ వేడి తగిలిన చోట ఎక్కువ వెయిట్.

ఒక్కోసారి "బోన్ హీట్ వెయిటింగ్ ఫెయిల్డ్" అని ఎర్రర్ వస్తుంది. ఎక్కువసార్లు కారణం మెష్‌లోనే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడ్డ బిందువులు, వల లోపల దాక్కున్న ముక్కలు, తెగిన గీతలు. గరిటెకి మధ్యలో పగులుంటే వేడి అటు పాకదు. ముందు మెష్‌ని శుభ్రం చేసి, కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేసి, అప్పుడు మళ్లీ ప్రయత్నించాలి.

తర్వాత వెయిట్ పెయింట్‌లోకి వెళ్తే రంగుల్లో కనపడుతుంది. నీలం అంటే 0, ఎరుపు అంటే 1, పచ్చ అంటే మధ్యస్థం. తల ఎముకని ఎంచుకుంటే భుజం మీద పచ్చటి మచ్చ కనపడిందా, అది దొంగ వెయిట్. తల తిప్పినప్పుడల్లా భుజం లాగుతుంది. చెరిపేయాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. చాలా గేముల్లో ఒక్కో బిందువు నాలుగు ఎముకల మాటే వింటుంది. ఐదోది ఉంటే కత్తిరించేస్తారు. బ్లెండర్‌లో బాగున్న బొమ్మ గేములోకి వెళ్లాక పాడవడానికి ఇదొక కారణం. లిమిట్ టోటల్ 4 పెట్టి, ఆ తర్వాత నార్మలైజ్ ఆల్ నొక్కితే ప్రతి బిందువు వెయిట్ల మొత్తం 1 అవుతుంది. ఏ వెయిటూ లేని బిందువు ఒక్కటున్నా, బొమ్మ నడిచి వెళ్లిపోతే అది ఉన్నచోటే ఉండిపోయి ఒంట్లోంచి పొడుగాటి మేకు వచ్చినట్టు కనపడుతుంది. రెండోది పేర్లు. వెర్టెక్స్ గ్రూప్ పేరు, ఎముక పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయ్యుండాలి. చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడా ఉన్నా ఆ భాగం కదలదు.

లంగా, ఓణీ, గాజులు

ఇప్పుడు అసలు గొడవ. ప్యాంటుకి రెండు కాళ్లు విడిగా ఉంటాయి కాబట్టి ఆటోమేటిక్ వెయిట్స్‌తో దాదాపు సరిపోతుంది. లంగా అలా కాదు. ముందు భాగంలో సగం కుడి తొడ మాట, సగం ఎడమ తొడ మాట వింటోంది. అడుగేయగానే మధ్యలో ఇద్దరూ చెరోవైపు లాగుతున్నారు. అందుకే నిలువు చీలిక.

నడుం దగ్గర బిందువులకి మొత్తం నడుం ఎముకే ఇచ్చాం. కిందకి వచ్చేకొద్దీ తొడల వెయిట్ కొంచెం కొంచెం పెంచాం. సరిగ్గా మధ్య గీత మీద కుడి, ఎడమ తొడలకి సమానంగా పంచాం. అక్కడి నుంచి పక్కలకి మెల్లగా మారేలా స్మూత్ చేశాం. చీలిక పోయింది. ఇంకా బాగా రావాలంటే నడుం నుంచి లంగా చుట్టూ వేలాడే ఎముకల వరసలు వేరే పెడతారు. మాకు అంత టైము లేదు.

తొడలు లంగా లోంచి పొడుచుకొస్తే? బట్ట కింద ఎటూ కనపడని ఒంటి భాగాన్ని తీసేయడమే. అంచు దగ్గర కొంచెం మిగల్చాలి.

ఓణీది ఇంకో తమాషా. వెనక నుంచి చూస్తే ఓణీలో కంత. వెయిట్లన్నీ వెతికాం, తప్పు లేదు. ఓణీ పల్చటి ఒంటి పొర. గేములు మామూలుగా ముక్కకి ఒక వైపే గీస్తాయి, రెండో వైపు ఖాళీ. అది సందు కాదు, బట్టకి లోపలి వైపు లేకపోవడం. రెండు పొరలు చేశాం. కొన్ని ముక్కలు తిరగబడి కూడా ఉన్నాయి. ఫేస్ ఓరియెంటేషన్ పెడితే అవి ఎర్రగా కనపడ్డాయి. షిఫ్ట్ ఎన్ నొక్కితే సర్దుకున్నాయి.

గాజులు అన్నిటికన్నా తేలిక. గాజు వంగదు. గాజు మొత్తానికి కింది చెయ్యి ఎముక 1, మిగతావి 0. వంగనివాటికి ఒకే ఎముక ఇవ్వాలి. జడకి మాత్రం నాలుగు ఎముకలు గొలుసులా వేశాం.

మణికట్టు తిప్పితే చెయ్యి సన్నబడి, తడిబట్ట పిండినట్టు మెలిపడింది. 180 డిగ్రీలు తిప్పినప్పుడు ఒక ఎముక బిందువుని ఇటువైపు, ఇంకోటి సరిగ్గా అటువైపు పెడుతుంది. రెండింటి సగటు చేతి మధ్యలో పడుతుంది. సగటు లెక్కలో ఉన్న లోపమే అది, మన తప్పు కాదు. మోచేతికి, మణికట్టుకి మధ్య ఒక మెలి ఎముక అదనంగా పెట్టి, తిరగడాన్ని అంచెలంచెలుగా పంచితే తగ్గుతుంది. మోచెయ్యి, మోకాలు దగ్గర కనీసం మూడు వరసల బిందువులు ఉంటే మడత బాగా వస్తుంది.

మన పరీక్షలు

నిలబడ్డ బొమ్మని చూసి అయిపోయిందనుకోకూడదు. మేము నాలుగు భంగిమలు పెట్టుకున్నాం. నమస్కారం పెట్టించడం: మోచేతులు, మణికట్లు తేలతాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోబెట్టడం: తుంటి, మోకాళ్లు తేలతాయి. ముగ్గు వేయడానికి నడుం వంచడం: పొట్ట, వెన్ను. ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగి చూడడం: మెడ. ఈ నాలుగూ తట్టుకుంటే బొమ్మ గేములోకి వెళ్లొచ్చు.

పని వరస గుర్తుండడానికి ఒకచోట రాస్తున్నాను.

1. ఫైలు కాపీ పెట్టుకోండి. రోజుకో పేరుతో.
2. ముందు మెష్ శుభ్రం. డబుల్ బిందువులు, తిరగబడ్డ ముక్కలు, స్కేల్.
3. తర్వాత ఆటోమేటిక్ వెయిట్స్. దొంగ మచ్చలు చెరపడం.
4. లిమిట్ టోటల్, నార్మలైజ్ ఆల్.
5. అన్నిటికన్నా చివర అతుకులు. ముందే చేస్తే తర్వాతి పనుల్లో మళ్లీ చెడిపోతాయి.
6. భంగిమలు పెట్టి చూడడం.

బ్లెండర్ ఉచితం. 2002లో చందాలతో లక్ష యూరోలు పోగుచేసి, అందరికీ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశారు. ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లోనే మేము చేశాం. మీరు మెనూలన్నీ నేర్చుకోనక్కర్లేదు. మీటలు పిల్లలకి వచ్చు. "నిలబడ్డప్పుడు వస్తోందా, కదిలినప్పుడే వస్తోందా?" అని పక్కన కూర్చుని అడిగే మనిషి ఉంటే చాలు. నిలబడ్డప్పుడూ సందు ఉంటే చోటు తప్పు. కదిలినప్పుడే వస్తే వెయిట్ తప్పు. ఒక వైపు నుంచే కనపడితే పొర తప్పు. మా ఇంట్లో సగం సమస్యలు ఆ ప్రశ్నతోనే తేలాయి.

ప్రోగ్రామ్ రోజున గేమ్ బాగానే నడిచింది. రాజమండ్రిలో అప్పటికి బాగా పొద్దుపోయినా, మా అమ్మ వీడియో కాల్‌లో మేలుకునే ఉంది. బొమ్మ ముగ్గు వేసి, లేచి, వెనక్కి తిరిగి చూసింది. మెడ దగ్గర గీత లేదు. నేనూ మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని, "అంతా బాగానే ఉంది గానీ బంగారం, ఆ జడకి కుప్పెలు ఏవే?" అంది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. "అమ్మా, జడకుప్పెలు వంగవు కదా? జడ చివరి ఎముకకి 1 ఇస్తే సరిపోతుందా?"

సరిపోతుంది తల్లీ.